మన చేతిలో ఉన్నదేమిటి?

(స్త్రీల మైత్రి, యువజన సంఘముల ఉమ్మడి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరములో మన అధ్యక్షఖండమంతటా కృతజ్ఞతా కూటములు జరుగుచున్నవి. కట్టిన దేవాలయములను, నెలకొల్పిన పాఠశాలలను, నడిపిన ఆసుపత్రులను లెక్కించుకొనుచున్నాము. మంచిదే. కాని మన దేవాలయముల ముంగిట నున్న శిలాఫలకములను ఒకసారి నిదానముగా చదివి చూడండి. పునాదిరాయి వేసినవారి పేరుండును, ప్రతిష్ఠించిన బిషప్పుగారి పేరుండును, దాతల పేర్లుండును. రాయి చెక్కినవాని పేరు, సున్నము నూరిన స్త్రీ పేరు, ద్వారబంధము నిలిపిన వడ్రంగి పేరు ఎక్కడను కనిపించదు. డబ్బు ఇచ్చినవారిని జ్ఞాపకము ఉంచుకొన్నాము, పనితనము ఇచ్చినవారిని మరచిపోయినాము. ఈ మరపు మన సంఘ జీవితములో ఇంకను కొనసాగుచున్నదని చెప్పుటకే ఈ సాయంకాలము మీ యెదుట నిలిచినాము.

ప్రజల నేర్పు సమాజమునకు మేలు చేయు వ్యాపారములకు ఏలాగు తోడ్పడును అనునది మాకిచ్చిన అంశము. మేము వ్యాపారులము కాము. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు భాష నేర్పినారు, సంఘచరిత్ర నేర్పినారు. జమాఖర్చు మాత్రము నేర్పలేదు. దానిని మేము ఈ ఆబిడ్స్, నాంపల్లి వీధులలో మన సంఘస్థుల యొద్దనే, ఒక పెద్ద పొరపాటు చేసిన తరువాత నేర్చుకొన్నాము. ఆ పొరపాటును గూర్చి కూడ దాచక చెప్పెదము.

మొదట మాట అర్థము చూచుకొందము. ధర్మము చేయుట మనమెరిగినదే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుదుము. రేపు మరల వాడు ఆకలితో వచ్చును, మన యొద్ద ఉన్నంతవరకు పెట్టుదుము. వ్యాపారము కూడ మనమెరిగినదే. పెట్టుబడి పెట్టినవాడు లాభము తీసికొనును. ఈ రెండింటికి నడుమ మూడవ దారి ఒకటి ఉన్నది. 2006లో నోబెల్ శాంతి బహుమానము పొందిన బంగ్లాదేశ్ ఆర్థికవేత్త ముహమ్మద్ యూనస్ దానికి సామాజిక వ్యాపారమని పేరు పెట్టినారు. అందులో ప్రజల కష్టమొకటి తీర్చుటే లక్ష్యము. ఖర్చులను చందాలతో గాక తన సంపాదనతోనే గడుపుకొనవలెను. మిగిలిన లాభమును పెట్టుబడిదారులు పంచుకొనక మరల ఆ పనిలోనే పెట్టవలెను. పేరు క్రొత్తదైనను ఆలోచన మనకు క్రొత్తది కాదు. మెదకులో పాస్నెట్ దొరగారు 1914లో దేవాలయ నిర్మాణము మొదలుపెట్టిన కాలము కరువు కాలము. వట్టి దానముగా గాక, పని చూపి, ఆ పనికి ప్రతిఫలముగా జనులకు తిండి దొరకునట్లు చేసినారు. పదేండ్ల తరువాత, 1924 డిసెంబరు 25న, ఆ దేవాలయము ప్రతిష్ఠింపబడినది. దాని గోపురము చూచినప్పుడెల్ల మనము దొరగారిని తలంచుకొందుము. ఆ రాళ్లు మోసినవారు ముష్టి అడుగలేదని, పనిచేసి తిన్నారని కూడ తలంచుకొనవలెను.

ఇక మన వీధులలోనికి వత్తము. ఆబిడ్స్ అను పేరే ఒక పనివాని పేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వారి యొద్ద కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మీనియను ఇక్కడ అంగడి పెట్టగా ఆ ప్రాంతమంతటికి ఆయన పేరే నిలిచినది. ఆదివారము ఆరాధన ముగిసి బయటికి వచ్చినప్పుడు కాలిబాట మీద పాత పుస్తకములు పరచుకొని కూర్చున్నవారిని మీరు చూచెదరు. వారిలో కొందరికి ఇంగ్లీషు చదువ రాదు. అయినను ఏ పుస్తకము ఏ పరీక్షకు పనికివచ్చునో, ఏ ముద్రణ పాతబడినదో అట్ట చూచి చెప్పగలరు. ఏ కళాశాలయు వారికి ఈ పట్టా ఇయ్యలేదు. పేద విద్యార్థి తక్కువ వెలకు పుస్తకము కొనుక్కొని పోవుచున్నాడంటే దాని వెనుక ఈ నేర్పు ఉన్నది.

ఆబిడ్స్ దాటి మొజంజాహీ మార్కెట్టు మీదుగా నాంపల్లి వైపు నడచినయెడల ఎగ్జిబిషన్ మైదానము చేరెదము. జనవరి మొదటి తేదీన తెరచి ఫిబ్రవరి నడుమ వరకు సాగు నుమాయిష్‌కు మనలో వెళ్లనివారు లేరు. మిర్చి బజ్జీలు తిన్నాము, రంగులరాట్నమెక్కినాము, కాశ్మీరు శాలువలు బేరమాడినాము. కాని ఆ టిక్కెట్టు డబ్బులు, ఆ దుకాణముల అద్దెలు ఎక్కడికి పోవుచున్నవని మనలో ఎందరు అడిగినారు?

ఆ కథ వినదగినది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘమువారు హైదరాబాద్ సంస్థానపు ఆర్థిక పరిస్థితులను పరిశీలింప తలపెట్టినారు. దానికి డబ్బు కావలెను. ఇంటింటికి చందా పుస్తకము పట్టుకొని తిరుగుటకు బదులు, స్వదేశపు వస్తువులను ఒకచోట చేర్చి ప్రదర్శన పెట్టినారు. పబ్లిక్ గార్డెన్స్‌లో కొద్ది దినములు జరిగిన ఆ మొదటి నుమాయిష్‌ను ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను వారు ప్రారంభించినారు. 1946లో అది ఇప్పటి మైదానమునకు మారినది. ఆ తరువాతి అల్లకల్లోలములో రెండేండ్లు ఆగి, 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారిగారి చేతుల మీదుగా మరల తెరువబడినది. ఎగ్జిబిషన్ సొసైటీ దాని ఆదాయముతో దాదాపు ఇరవై విద్యాసంస్థలను నడుపుచున్నది. ఆ మైదానము ప్రక్కనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ బాలికల పాలిటెక్నిక్ వాటిలోనివే. మనము తిన్న బజ్జీ పొట్లములో కొంత భాగము ఒక ఆడపిల్ల చదువునకు పోయినదన్న మాట.

ఆ పట్టభద్రులు పెట్టిన మూలధనమేమిటి? వారు జమీందారులు కారు. వారి చేతిలో ఉన్నది చదువు, లెక్క, పదిమందిని కూడగట్టు నేర్పు. ఎవరికి ఏ దుకాణము కేటాయించవలెను, నీళ్లు ఏలాగు రావలెను, దీపములు ఎక్కడ వ్రేలాడవలెను, ద్వారము యొద్ద వచ్చిన పైసాను ఏ పుస్తకములో వ్రాయవలెను అను చిన్న పనులే ఆ సంస్థకు పునాదిరాళ్లు. వీటిని ఎవరో ఒకరు తెలిసి చేయవలెను. తెలియనివాడు ఎంత ప్రేమతో చేసినను దీపము వెలుగదు, లెక్క కుదరదు.

నేర్పు చాలని చోట ఏమగునో కూడ ఆ మైదానమే మనకు చూపినది. 2019 జనవరి 30వ తేదీ రాత్రి అక్కడ అగ్నిప్రమాదము సంభవించి ఎన్నో దుకాణములు బూడిదైనవి. దేవుని దయవలన ప్రాణములు దక్కినవి గాని దూరదేశముల నుండి అప్పుచేసి సరుకు తెచ్చినవారు కట్టుబట్టలతో నిలిచినారు. విద్యుత్తు తీగ వేయు పనివాడు, నిప్పు ఆర్పు పనివాడు, దారి విడిచి దుకాణము కట్టు పనివాడు ఎంత ముఖ్యులో ఆ రాత్రి తెలిసినది. 2021లో కొవిడ్ మూలముగా ప్రదర్శన జరుగలేదు. అయినను ఆ సంస్థ లేచి నిలిచినది. ఎనుబది యేండ్లకు పైగా పోగైన అనుభవము అగ్నికి కాలదు.

ఇప్పుడు మా పొరపాటు చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో పేద కుటుంబముల స్త్రీల కొరకు కుట్టుపని కేంద్రము పెట్టినాము. కోత పండుగ అర్పణలతో ఆరు మిషన్లు కొన్నాము. ఆరు నెలలు నేర్పించి, ధ్రువపత్రములిచ్చి, ఫొటో తీయించుకొన్నాము. వారు కుట్టిన రవికలను, సంచులను క్రిస్మసు అమ్మకములో పెట్టగా సంఘస్థులు ఎగబడి కొన్నారు. మేము సంతోషించినాము. మరుసటి యేడు అదే సరుకు అక్కడే ఉండిపోయినది. జాలితో ఒకసారి కొందురు. కొలత కుదిరితేనే రెండవసారి కొందురు. అంతకంటె విచారకరమేమనగా, లాభము వచ్చినదని మేము వేదిక మీద ప్రకటించిన మొదటి యేడు కూడ నిజముగా నష్టమే. గది అద్దె, కరెంటు బిల్లు సంఘము కట్టుచున్నది గనుక వాటిని మేము లెక్కలో వ్రాయలేదు. మిషన్ల మీద దుమ్ము పేరుకొన్నది. స్త్రీలకు శ్రద్ధ లేదని మేమనుకొన్నాము.

ఒక ఆదివారము ఆరాధన తరువాత వెనుక బెంచీలో కూర్చుండు ఒక పెద్దమనిషి ఆ గది గుమ్మములో నిలిచి, ఒక రవిక చేతిలోనికి తీసికొని, కుట్టు తిరగవేసి చూచినాడు. ఆయన ఆబిడ్స్ సందులలో ముప్పది యేండ్లు పాఠశాల యూనిఫారములు కత్తిరించిన మాస్టరు. మా సంఘములో ఆయన ఉన్నట్లు మాకు తెలుసును. ఆయన చేతిలో ఏమున్నదో మేమెన్నడును అడుగలేదు. కమిటీలో లేడు, ఇంగ్లీషు మాటలాడడు, కానుక పెద్దగా వేయలేడు. ఆయన అన్న మాట యథాతథముగా చెప్పెదము:

“అయ్యగారూ, మిషిన్ల మీద పైసలు పెట్టిన్రు గని కత్తెర మీద పెట్టలే. లాభం కుట్టు కాడ ఉండదు, కటింగు కాడ ఉంటది.”

ఆ వారమే ఆయనను పిలిచినాము. ఒక్కొక్క రవిక విడిగా కత్తిరించుట మానిపించి, గుడ్డను పొరలుగా పరచి, పెద్ద కొలతల నడుమ చిన్న కొలతలు ఇమిడించి గీత గీయుట నేర్పినాడు. వృథా ముక్కలు తగ్గినవి. రైల్వే లెక్కల కార్యాలయములో పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఒక సహోదరి పుస్తకములు చేతికి తీసికొని, అద్దెతో సహా ప్రతి ఖర్చును వ్రాసి, ఒక జత యూనిఫారము మనకెంతకు పడుచున్నదో మొదటిసారిగా తేల్చి చెప్పినది. ఉపాధ్యాయురాలైన మరియొక సహోదరి, బడులు జూనులో తెరచును గనుక కొలతలు మార్చి, ఏప్రిల్ నెలలలోనే తీసికొనవలెనని చెప్పి, రెండు చిన్న పాఠశాలలను తానే అడిగి వచ్చినది. నేడు అక్కడ ఎనిమిదిమంది స్త్రీలు పనిచేయుచున్నారు. పెద్ద సంఖ్య కాదు. కాని ఆ ఎనిమిది ఇండ్లలో పిల్లల ఫీజు కొరకు అప్పు చేయుట తగ్గినది. ఈ ముగ్గురును మా సంఘములో అంతకుముందే ఉన్నారు. మేము సహాయము కొరకు దూరమునకు ఉత్తరములు వ్రాయుచుండగా వారు మా ప్రసంగములు వినుచు కూర్చున్నారు.

కథ అంతటితో ముగిసిన బాగుండెడిది. మొదటి నిజమైన మిగులు వచ్చిన యేడు మా దేవాలయపు ప్రహరీ గోడ కూలినది. ఆ డబ్బు గోడకు వాడుకొందమని కమిటీలో ప్రతిపాదించినవారము మేమే. గది సంఘమిచ్చినది, మిషన్లు సంఘమిచ్చినది, తప్పేమున్నదని అనుకొన్నాము. అప్పుడు వారిలో ఒక స్త్రీ లేచి, “అయ్యగారూ, మీరు అడిగితె కానుక ఇస్తం. మీదే అని తీస్కుంటె ఎట్ల?” అన్నది. గదిలో ఎవరును మాటలాడలేదు. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి కూటములో మా ప్రతిపాదనను వెనుకకు తీసికొన్నాము. ఆ మిగులు వారిదేనని, దానిలో కొంత క్రొత్తవారికి పని నేర్పుటకు ఉంచవలెనని, ఎంత ఉంచవలెనో వారే నిర్ణయింపవలెనని తీర్మానము వ్రాసినాము. గోడకు వేరుగా చందా పట్టినాము. ఆ స్త్రీలు కూడ కానుక ఇచ్చినారు.

ఆ స్త్రీ అడిగిన ప్రశ్న చిన్నది కాదని చెప్పుటకు మన తెలుగు నేల మీది రెండు ఊళ్లను చూపెదము. ఒకటి గోదావరి తీరమున నరసాపురము. క్రితము శతాబ్దమునకు ముందే మిషనరీలు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పినారు. ఆ లేసు సముద్రములు దాటి అమ్ముడుపోయినది. కాని మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు అక్కడ పరిశీలించి 1982లో ప్రచురించిన గ్రంథములో ఏమి చూపినారు? లేసు అల్లు స్త్రీలను ఇంటి పట్టున తీరిక వేళ కాలక్షేపము చేయువారిగా లెక్కించి, అతి తక్కువ కూలి ఇచ్చినారు. లాభము వర్తకులకు, ఎగుమతిదారులకు చేరినది. నేర్పునకు లోటు లేదు, మార్కెట్టునకు లోటు లేదు. లెక్క పుస్తకము ఆ స్త్రీల చేతిలో లేదు. నేర్పు ఇచ్చిన మన మిషను పెద్దలను మనము గౌరవింతుము. నేర్పుతో పాటు హక్కు కూడ ఇయ్యవలసియుండెనని నేర్చుకొందము.

రెండవది హనుమకొండ జిల్లాలోని ముల్కనూరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు అక్కడ రైతుల సహకార సంఘము నెలకొల్పినారు. ఎన్నో సహకార సంఘములు అప్పులిచ్చి, వసూలు కాక మూతపడిన రాష్ట్రములో అది నిలిచినది. 2000లో అక్కడి స్త్రీలు తమ స్వంత పాడి సహకార సంఘము పెట్టుకొని, స్వకృషి అను పేరుతో పాలు అమ్ముచున్నారు. పాలు పిండుట పల్లెటూరి స్త్రీకి ఎవరును నేర్పనక్కరలేదు. కాని పాలలోని వెన్న శాతమును బట్టి వెల కట్టుట, ఆ లెక్కను ప్రతి సభ్యురాలు చూచుకొనునట్లు వ్రాయుట, పాలకవర్గమును తామే ఎన్నుకొనుట, ఇవి నేర్చుకొన్న నేర్పులు. నరసాపురపు స్త్రీకిని ముల్కనూరు స్త్రీకిని చేతిపనిలో హెచ్చుతగ్గులు లేవు. తేడా అంతయు లెక్క ఎవరి చేతిలో ఉన్నదను దానిలోనే ఉన్నది.

అప్పు ఇచ్చిన చాలును, మిగిలినది వారే చూచుకొందురని కొందరందురు. 2010లో సూక్ష్మఋణ సంస్థల అప్పుల వలన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ని కుటుంబములు నలిగినవో, అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినదో మీరెరుగుదురు. పని, మార్కెట్టు, లెక్క లేని చోట అప్పు సహాయము కాదు, మెడకు రాయి.

ప్రియులారా, ఇంత చెప్పిన తరువాత మన సంఘములలో చేయదగిన పనులు మూడు మాత్రమే చెప్పెదము.

మొదటిది. ప్రతి సంఘములో సభ్యుల పట్టీ ఉన్నది. బాప్తిస్మము తేదీ, నిర్ధారణ తేదీ, చందా బాకీ అన్నియు అందులో వ్రాసియున్నాము. ఇంకొక గడి గీయుదము: ఈయనకు, ఈమెకు ఏ పని వచ్చును? ప్లంబరు, ఎలక్ట్రీషియను, నర్సు, వంటమనిషి, ఆటో డ్రైవరు, బ్యాంకు గుమాస్తా అందరిని అడుగుదము. వెనుక బెంచీల నుండి మొదలుపెట్టుదము. మోషేను పంపినప్పుడు దేవుడు అతనికి లేనిదానిని గూర్చి అడుగలేదు, చేతిలోని కర్రను గూర్చి అడిగినాడు. గుడారము కట్టవలసి వచ్చినప్పుడు బెసలేలును పేరు పెట్టి పిలిచినాడు. శిలాఫలకములలో మనము చేయనిది దేవుడు అక్కడ చేసినాడు.

రెండవది. జీతము వచ్చువారు, పింఛను వచ్చువారు తమ నేర్పును ఉచితముగా ఇయ్యవచ్చును, ఇయ్యవలెను. రెక్కాడితే గాని డొక్కాడనివారి నేర్పును మాత్రము సేవ అను పేర ఉచితముగా తీసికొనరాదు. దేవాలయములో ఫ్యాను బాగుచేసిన సహోదరునికి ఒక ప్రార్థన చేసి పంపివేయుట మనకు అలవాటు. ప్రార్థన చేయుదము, కూలి కూడ ఇత్తము. మా మాస్టరుగారికి మొదటి నెల నుండియే జీతమిచ్చుచున్నాము. పౌలు అపొస్తలుడు అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి తన పోషణ తాను చూచుకొన్నాడు. పనివాని కూలి విషయములో ఆయనకు సందేహము లేదు.

మూడవది. లెక్క అందరి యెదుట చదువవలెను. అద్దె, కరెంటు, అరుగుదల అన్నియు వ్రాయవలెను. నష్టము వచ్చినయెడల నష్టమనియే చెప్పవలెను. మిగులు ఎవరిదో మొదటి దినముననే కాగితము మీద ఉండవలెను. మా వంటి కాపరులు ఆ కాగితమునకు లోబడవలెను.

యొప్పేలో తబిత చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి ఆమె కుట్టిన వస్త్రములను ఏడ్చుచు చూపినారని మనము చదువుదుము. ఆమె ఇచ్చిన కానుకల మొత్తము ఎవరును చెప్పలేదు. ఆమె చేతి కుట్టును చూపినారు. వచ్చే నూరు సంవత్సరముల తరువాత మన మనుమలు ఈలాటి మరియొక సంచిక ప్రచురించునప్పుడు మన గోడలను లెక్కింతురో లేదో మేమెరుగము. మన మధ్య ఏ చేయి వట్టిగా ఉండిపోలేదని, ఏ చేతి కష్టము మరియొకరి సంచిలోనికి పోలేదని చెప్పగలిగిన చాలును.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత సభ్యుల పట్టీతో కూడ మేము వెనుక తలుపు యొద్ద కూర్చుందుము. దయచేసి వచ్చి, మీ చేతిలో ఏమున్నదో చెప్పి పొండి.